చేతులు, సూదులు, బకెట్లు: చిన్న ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌పై సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు విశాఖపట్నంలోని చిన్న నర్సింగ్‌హోంలు, అర్బన్ హెల్త్ సెంటర్లు, అనకాపల్లి, నర్సీపట్నం వైపు ఆసుపత్రులు, పాడేరు ఏజెన్సీలోని పీహెచ్‌సీల సిబ్బందిని మనసులో పెట్టుకుని రాసినవి. కుళాయి రోజంతా రాదు, గ్లవ్స్ నెలాఖరుకి అడుగంటుతాయి, నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఒక్క సిస్టరే ఉంటారు అనుకునే జవాబులు ఇచ్చాను. మీ ఆసుపత్రి కమిటీ రాసిపెట్టిన పద్ధతి ఉంటే ముందు దాన్నే చూడండి.

మా దగ్గర ఎవరికీ ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టు కనబడదు. అయినా ఇంత హడావిడి అవసరమా?

కనబడకపోవడానికి కారణం ఉంది. సిజేరియన్ అయిన అమ్మాయి మూడో రోజో ఐదో రోజో ఇంటికి వెళ్ళిపోతుంది. కుట్ల దగ్గర చీము ఎనిమిదో రోజున పడుతుంది. అప్పటికి ఆమె చోడవరంలో పుట్టింట్లో ఉంటుంది. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ డ్రెస్సింగ్ చేసి, ఏదో ఇంజక్షన్ వేస్తాడు. ఆ విషయం మీ రిజిస్టర్లోకి ఎక్కదు. ఆపరేషన్ అయ్యాక 30 రోజుల లోపు గాయంలో వచ్చే ఇన్‌ఫెక్షన్ ఆపరేషన్ ఖాతాలోకే వస్తుంది, ఇల్లు మారినంత మాత్రాన లెక్క మారదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో, సంపన్న దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి కనీసం ఒక్క ఇన్‌ఫెక్షన్ ఆసుపత్రిలోనే అంటుకుంటోంది. అలా అంటుకున్న పదిమందిలో సుమారు ఒకరు చనిపోతున్నారు. మీ ఆసుపత్రి అంకె ఎంతో తెలియాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డిశ్చార్జి చేసేటప్పుడు ఫోన్ నంబరు రాసుకుని, పదో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి ఫోన్ చేసి "కుట్టు ఆరిందా అమ్మా, జ్వరం గానీ, చీము గానీ ఉందా?" అని అడగండి. ఆరు నెలలు అలా రాస్తే వచ్చే లెక్క చాలామంది సూపరింటెండెంట్లను కుర్చీలోంచి లేపుతుంది.

నలభై మంది పేషెంట్లకి ఒక్కదాన్నే. ప్రతిసారీ చేతులు కడుక్కుంటూ కూర్చుంటే మందులు ఎప్పుడు ఇస్తాను?

న్యాయమైన ప్రశ్న. "బద్ధకం" అని తీసిపారేసే ట్రైనర్లు వార్డులో ఒక రాత్రి గడిపి చూడాలి. సబ్బుతో సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. దానికి సింకు దాకా నడక, తిరిగి రావడం, చేతులు తుడుచుకోవడానికి పొడి గుడ్డ వెతుక్కోవడం కలిపితే పని జరగదు. అందుకే హ్యాండ్ రబ్ (చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) వచ్చింది. 20 నుంచి 30 సెకన్లు, నడుస్తూనే రుద్దుకోవచ్చు. అయితే సీసా నర్సింగ్ స్టేషన్ బీరువాలో తాళం వేసి ఉంటే ఎవరూ వాడరు. మంచం కాళ్ళ దగ్గర కమ్మీకి తగిలించాలి, లేదా ట్రేలో పెట్టుకుని మీతో పాటే తిప్పాలి. చేతుల శుభ్రత పెరగాలంటే పోస్టర్లు అంటించడం కంటే సీసా చోటు మార్చడమే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

ఎప్పుడెప్పుడు అంటే అయిదు సందర్భాలు: పేషెంటుని ముట్టుకునే ముందు, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) లేదా క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం, మూత్రం, చీము తగిలాక, పేషెంటుని ముట్టుకున్నాక, ఆ మంచం, స్టాండు, దుప్పటి ముట్టుకున్నాక. మరీ తీరిక లేని రాత్రయితే శుభ్రమైన పనికి ముందు, రక్తం తగిలాక అనే రెండిట్నీ మాత్రం ప్రాణం పోయినా వదలకండి.

చేతి మీద మురికి, రక్తం కళ్ళకి కనబడుతుంటే రబ్ చాలదు, సబ్బు, నీళ్ళే కావాలి. విరేచనాల కేసుల్లో కూడా సబ్బే, ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియా స్పోర్లకి (గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే రూపాలకి) ఆల్కహాల్ లెక్కే లేదు. సబ్బు బిళ్ళ వాడితే చిన్న ముక్కలుగా కోసి, నీళ్ళు కారిపోయే జాలీ డబ్బాలో పెట్టండి. నీళ్ళల్లో నానే సబ్బు మీద బ్యాక్టీరియా హాయిగా కాపురం పెడుతుంది. లిక్విడ్ సోపు సీసా సగం అయ్యాక పైన పోసి నింపే అలవాటు ఉంటే ఆపండి. పూర్తిగా అవ్వనిచ్చి, కడిగి, ఆరబెట్టి నింపాలి.

హ్యాండ్ రబ్ సప్లై ఆగిపోతే మనమే తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని పాళ్ళు సరిగ్గా ఇలాంటి ఆసుపత్రుల కోసమే ఇచ్చింది. 10 లీటర్లకి 96 శాతం ఇథనాల్ 8333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిజరాల్ 145 మి.లీ., మిగతాది మరిగించి చల్లార్చిన నీళ్ళు. ఇథనాల్ దొరక్కపోతే 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7515 మి.లీ., మిగతావి అవే పాళ్ళు. కలిపాక 72 గంటలు మూతపెట్టి ఉంచాలి. సీసాల్లోనో, ఆల్కహాల్లోనో స్పోర్లు ఉంటే ఆ సమయంలో చస్తాయి. గ్లిజరాల్ చేతులు పగలకుండా ఉండటానికే, మర్దనం చేయడానికి కాదు, కాబట్టి ఎక్కువ పోయకండి.

ఇది వార్డులో చేసే పని మాత్రం కాదు. ఫార్మసిస్టు, గాలి ఆడే గది, దగ్గర్లో పొయ్యిగానీ సిగరెట్టుగానీ లేకపోవడం, ఇవన్నీ ఉండాలి. రెక్టిఫైడ్ స్పిరిట్‌కి, అంటే ఇథనాల్‌కి, ఎక్సైజ్ అనుమతులు కావాలి. అందుకే చిన్న ఆసుపత్రికి ఐసోప్రొపైల్ దారే సులువు. సీసా మీద తయారు చేసిన తేదీ రాయండి.

గాజులు తీయమంటున్నారు. అదెలా కుదురుతుంది మేడమ్?

ఇది సున్నితమైన విషయం. డ్యూటీలో మోచేతి కింద ఏమీ ఉండకూడదన్నది సూత్రం. వాచీ, రాళ్ళ ఉంగరాలు, గాజులు అన్నిటి కిందా తేమ, మురికి నిలుస్తాయి, రబ్ చర్మానికి అందదు. ఆపరేషన్ థియేటర్లో, లేబర్ రూములో, నవజాత శిశువుల వార్డులో రాజీ లేదు, తీయాల్సిందే. జనరల్ వార్డులో అన్నీ తీయడానికి మనసొప్పని వాళ్ళకి కొన్నిచోట్ల ఒక మధ్యే మార్గం ఒప్పుకుంటున్నారు: చేతికి ఒక్కొక్క సన్నని నునుపైన గాజు, చేతులు కడిగేటప్పుడు పైకి జరిపి మణికట్టు కూడా కడగడం. సూత్రం ప్రకారం ఇది తక్కువే, కానీ అసలు మాట వినకపోవడం కంటే నయం. గోళ్ళ రంగు, పెంచిన గోళ్ళు మాత్రం ఎక్కడా వద్దు. మగవాళ్ళ చేతికుండే ఎర్రదారాలు, కంకణాలకీ ఇదే మాట. ఎందుకో వాటి గురించి ఎవరూ అడగరు.

గ్లవ్స్ కొరత. ఒక జతతో నలుగురైదుగురిని చూసి, మధ్యలో శానిటైజర్ రాస్తే సరిపోదా?

సరిపోదు. సన్నని పరీక్ష గ్లవ్స్ మీద ఆల్కహాల్ రాస్తే, కడిగితే, కంటికి కనబడని చిల్లులు పడతాయి. పైగా గ్లవ్స్ వేసుకున్నామన్న ధైర్యంతో ఒక పేషెంటు క్రిముల్ని ఇంకొకరికి మోస్తాం. కొరత ఉన్నప్పుడు చేయాల్సింది అనవసరమైన చోట వాడకం మానడం. బీపీ చూడటానికి, మాత్రలు ఇవ్వడానికి, భోజనం పెట్టడానికి, మామూలు చర్మం మీద కండరాల ఇంజక్షన్‌కి గ్లవ్స్ అక్కర్లేదు, శుభ్రమైన చేతులు చాలు. మిగిల్చినవి రక్తం, శరీర ద్రవాలు తగిలే పనులకి, మ్యూకస్ పొరలకి (నోరు, ముక్కు లాంటి చోట్ల తడి పొరలకి), గాయాలకి వాడండి. శానిటేషన్ వాళ్ళు వాడే మందపాటి రబ్బరు గ్లవ్స్ వేరు. వాటిని కడిగి, ఆరబెట్టి, చిరిగేదాకా వాడుకోవచ్చు.

బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలి? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

మంచి పౌడర్లో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. 1 శాతం ద్రావణం కావాలంటే లీటరు నీళ్ళకి సుమారు 33 గ్రాములు, పది లీటర్ల బకెట్‌కి 330 గ్రాములు. ఇది రక్తం, చీము ఒలికినప్పుడు. చేతులు తరచూ తగిలే మంచం కమ్మీలు, తలుపు గొళ్ళాలు, స్విచ్‌ల లాంటి చోట్లకి దాంట్లో పదోవంతు, అంటే లీటరుకి 3 గ్రాములు చాలు. 5 శాతం హైపోక్లోరైట్ ద్రవం దొరికితే ఒక పాలు ద్రవానికి నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపితే 1 శాతం అవుతుంది. మామూలు నేల మీద సబ్బు నీళ్ళే చాలు. రోజూ వార్డంతా బ్లీచింగ్ వాసన రావడం శుభ్రతకి గుర్తు కాదు, సిబ్బంది ఊపిరితిత్తులకి శిక్ష.

విశాఖలో తేమ ఎక్కువ. మూట విప్పి మూలన పడేస్తే పౌడర్ తొందరగా సత్తువ కోల్పోతుంది. గట్టిగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో ఉంచండి. ద్రావణాన్ని ఏ రోజుకా రోజు కలపండి. నిన్నటిది నమ్మకండి. టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కత్తెరలు, ఫోర్సెప్స్ దాంట్లో నానబెడితే తుప్పు పడతాయి.

రక్తం ఒలికితే: గ్లవ్స్ వేసుకుని, పాత గుడ్డ గానీ కాగితం గానీ పరిచి, దాని మీద 1 శాతం ద్రావణం పోసి, పది నిమిషాలు ఆగి, ఎత్తి పసుపు సంచిలో వేసి, అప్పుడు తుడవాలి. ఆ పది నిమిషాలూ ఆగరు, అక్కడే పప్పులో కాలేస్తారు. ఇక వార్డులో చీపురుతో పొడిగా ఊడ్చడం మానండి, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డే పెట్టండి. శుభ్రంగా ఉన్న మూల నుంచి మురికి మూల వైపు రావాలి, బాత్‌రూమ్ చివర. మాప్‌ని బకెట్లో నానబెట్టి వదలకుండా, ఉతికి మన ఎండలో ఆరేయండి, ఎండకి కొదవ లేదు కదా.

ప్రతి ఆదివారం ఫార్మాలిన్‌తో ఫ్యూమిగేషన్ చేయిస్తున్నాం. కొనసాగించాలా?

ఆపండి. దీని మీద ఖర్చు పెట్టే డబ్బంతా హ్యాండ్ రబ్‌కి మళ్ళిస్తే ఆసుపత్రి మారిపోతుంది. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం, గది మూసి పొగ పట్టించినా ఉపరితలాల మురికి అక్కడే ఉంటుంది. థియేటర్‌కి కావాల్సింది రోజూ, కేసుకి కేసుకి మధ్య సరిగ్గా తుడవడం, తలుపులు ఊరికే తీసి మూయకపోవడం, జనాన్ని తగ్గించడం.

సూది గుచ్చుకుంది. ఇప్పుడేం చేయాలి?

భయపడకండి, పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి, బ్లీచింగ్ రాయకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. కంట్లో చిమ్మితే మామూలు నీళ్ళతో గానీ సెలైన్‌తో గానీ ధారగా కడగాలి. వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పండి. ఏ సూది, ఎంత లోతు, ఏ పేషెంటు, ఎన్ని గంటలకి, అన్నీ రాయించండి.

హెచ్‌ఐవీ ఉన్న రక్తంతో గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్ళకి 6 నుంచి 30 శాతం దాకా. అందరూ భయపడేది మొదటిదానికి, అసలు భయపడాల్సింది రెండోదానికి. అదృష్టం ఏమిటంటే దానికి టీకా ఉంది: 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మూడోది అయిన ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి, 10 యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. టీకా వేసుకోని వాళ్ళకి గుచ్చుకుంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజక్షన్), టీకా రెండూ వీలైతే 24 గంటల లోపు.

హెచ్‌ఐవీ నివారణ మందు మొదటి డోసు వీలైతే 2 గంటల లోపు పడాలి. 72 గంటలు దాటితే లాభం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. పేషెంటు రక్త పరీక్షకి పేషెంటు సమ్మతి తీసుకోవాలి, 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ మాటే చెబుతుంది. ఫలితం వచ్చేదాకా డోసు ఆపవద్దు, తర్వాత అవసరం లేదని తేలితే మానేయవచ్చు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) ఉంది, కానీ పాడేరు కొండల్లో రాత్రి రెండింటికి గుచ్చుకుంటే పెద్దాసుపత్రి దాకా రావడం కుదరదు. మొదటి డోసు మీ క్యాజువాలిటీలోనే ఉండాలి. ఇది చదివాక చేయాల్సిన మొదటి పని, మీ దగ్గర ఉందో లేదో అడగడం.

ఎక్కువగా గుచ్చుకునేది నర్సులకే కాదు, చెత్త ఎత్తే ఆయాలకి, వార్డుబాయ్‌లకి. వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులు కాబట్టి రిపోర్టు రాయరు, ఉద్యోగం పోతుందని చెప్పరు. బయో మెడికల్ వేస్ట్ నిబంధనలు (2016) ప్రకారం చెత్త ముట్టుకునే వాళ్ళందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రిది. "అది కాంట్రాక్టర్ చూసుకోవాలి" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఇంకో మాట: సూది వాడాక మూత పెట్టవద్దు, అక్కడే, మంచం పక్కనే తెల్ల డబ్బాలో పడేయండి. డబ్బా మూడొంతులు నిండగానే మూసేయాలి.

ఏ రంగు డబ్బాలో ఏమిటి?

పసుపు: రక్తం అంటిన దూది, డ్రెస్సింగ్, మాయ, శరీర భాగాలు, గడువు దాటిన మందులు. ఎరుపు: సెలైన్ సెట్లు, క్యాథెటర్లు, మూత్రం సంచులు, సూది తీసిన సిరింజిలు, గ్లవ్స్. తెలుపు: సూదులు, బ్లేడులు. నీలం: గాజు సీసాలు, వయల్స్ (రబ్బరు మూత ఉన్న మందు సీసాలు). శరీర భాగాలు, రక్తం అంటిన చెత్త 48 గంటలకి మించి నిల్వ ఉంచరాదు. లోతుగా పూడ్చే గుంట సెంట్రల్ ప్లాంటు అందుబాటులో లేని మారుమూల ఊళ్ళకే. నగరంలో కుదరదు.

ఒక సెలైన్ బాటిల్ తెరిచి రోజంతా అందరి క్యాన్యులాలనీ ఫ్లష్ చేయడం (సెలైన్‌తో కడగడం), స్పిరిట్ దూది జాడీ, వయల్‌కి సూది గుచ్చి ఉంచడం... ఇవన్నీ మానాలా?

మూడూ మానాలి. వయల్ రబ్బరు మీద సూది గుచ్చి వదిలేస్తే లోపలికి తలుపు తెరిచినట్టే. అదే సెలైన్‌ని వేర్వేరు పేషెంట్లకి వాడితే, ఒకరికి ఇచ్చిన సిరింజి మళ్ళీ సీసాలోకి వెళ్ళిన ఒక్కసారి చాలు, హెపటైటిస్ వార్డంతా పాకుతుంది. ఒక్కసారికే సరిపడే చిన్న ఆంప్యూల్స్ కొనండి. నానబెట్టిన దూది జాడీలో స్పిరిట్ ఆరిపోయాక, అది ఉత్త తడి దూదే. పొడి దూది శుభ్రంగా పెట్టుకుని అప్పటికప్పుడు తడుపుకోండి. మల్టీ డోస్ వయల్ మీద తెరిచిన తేదీ, గంట రాయండి.

ఆటోక్లేవ్ టేపు నల్లబడింది, అంటే స్టెరైల్ అయినట్టే కదా?

ఆటోక్లేవ్ అంటే ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే పాత్ర. దాని టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, స్టెరైల్ (క్రిములేవీ మిగలకుండా) అయిందని కాదు. డ్రమ్ములో గుడ్డలు కుక్కి నింపితే పైన టేపు నల్లబడుతుంది, మధ్యలోకి ఆవిరి వెళ్ళదు. డ్రమ్ముని మూడొంతులే నింపండి. పక్కన రంధ్రాలు తెరిచి లోపల పెట్టి, బయటికి తీయగానే మూసేయండి. మూటగట్టినవాటికి 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడిలో 30 నిమిషాలు. మధ్యలో రసాయన సూచిక (ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే పట్టీ) పెట్టండి, వారానికోసారి స్పోర్ పరీక్ష చేయించండి. బయటికి వచ్చిన మూట తడిగా ఉంటే అది స్టెరైల్ కాదు, మళ్ళీ పెట్టాలి. వర్షాకాలంలో ఇది మామూలు గొడవ. పరికరాల్ని ముందు కడగకుండా ఆటోక్లేవ్‌లో పెడితే రక్తం గట్టిపడి ఉండిపోతుంది. నీళ్ళల్లో మరిగించడం స్టెరిలైజేషన్ కాదు, స్పోర్లు బతికే ఉంటాయి.

దగ్గు పేషెంట్లున్న వార్డులో ఏసీ పెట్టించడం మంచిదా?

మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. టీబీ క్రిములు బయటికి పోవు. ఎదురెదురు కిటికీలు తెరవడం దానికంటే మేలు. పగలు సముద్రపు గాలి లోపలికి, రాత్రి నేల గాలి సముద్రం వైపు వీస్తుంది. ఏ కిటికీ ఎటు ఉందో చూసి, దగ్గే పేషెంటుని గాలి బయటికి పోయే వైపు పడుకోబెట్టండి, మీరు గాలి వచ్చే వైపు కూర్చోండి. సీలింగ్ ఫ్యాను గాలిని మార్చదు, కలుపుతుందంతే. పేషెంటుకి సర్జికల్ మాస్కు, మీకు ఎన్95. మే నెల ఉక్కపోతలో ఎన్95 నరకమే, ఒప్పుకుంటాను. దాన్ని వార్డంతా, రోజంతా పెట్టించడం కంటే కఫం తీసేటప్పుడు, టీబీ అనుమానం ఉన్నవాళ్ళ దగ్గర తప్పకుండా పెట్టించడమే నిలబడే నియమం.

తుఫాను వస్తే, నీళ్ళు రాకపోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో కరెంటు, నీళ్ళు రోజుల తరబడి లేవు. అక్టోబరు, నవంబరు రాకముందే స్టెరైల్ మూటలు, హ్యాండ్ రబ్, డీజిల్ నిల్వ చేసుకోండి. గ్యాస్ పొయ్యి మీద పెట్టే ప్రెషర్ ఆటోక్లేవ్ ఒకటి ఉంటే కరెంటు లేకపోయినా పని ఆగదు. కుళాయి బిగించిన మూత బకెట్, కింద ఇంకో బకెట్, అదే మీ సింకు. ట్యాంకరు నీళ్ళు తేరుకుని ఉంటే 1000 లీటర్లకి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌తో మొదలుపెట్టి, అరగంట తర్వాత క్లోరోస్కోప్‌తో (నీళ్ళల్లో క్లోరిన్ కొలిచే కిట్‌తో) చూడండి. లీటరుకి 0.5 మిల్లీగ్రాములు మిగలాలి, లేకపోతే ఇంకాస్త వేయండి.

పెద్ద డాక్టరుగారు చేతులు శుభ్రం చేసుకోకుండా డ్రెస్సింగ్ విప్పేస్తారు. ఆయనకెలా చెప్పాలి?

మాటలతో వద్దు, చేత్తో చెప్పండి. రౌండ్స్‌లో ట్రాలీ తోసే సిస్టరు, డ్రెస్సింగ్ ముందు సీసా ముందుకి చాపి "సార్, రబ్" అంటే చాలు, పది మంది ముందు కాదనరు. అయినా ఈ భారం జూనియర్ సిస్టరు మీద వేయడం నాకు నచ్చదు. సూపరింటెండెంటు గారే మొదటి రోజు రౌండ్స్‌లో తనే రుద్దుకుని, "మా సిస్టర్లు గుర్తు చేస్తారు, ఏమీ అనుకోవద్దు" అని అందరి ముందూ చెప్పాలి. హౌస్ సర్జన్లు చూసి నేర్చుకునేది సీనియర్ చేతుల నుంచే. 1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్వైస్ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింత మరణాలు తగ్గించినప్పుడూ సీనియర్లు నొచ్చుకున్నారు.

ఆపరేషన్ తర్వాత అయిదు రోజులు యాంటీబయాటిక్ ఇస్తే భద్రం కాదా?

కాదు. కోతకి ముందు గంట లోపు ఒక డోసు సరైన సమయానికి పడితే, చాలా ఆపరేషన్లలో అంతకు మించి అవసరం లేదు. పొడిగించినకొద్దీ మందులకి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. కోసే చోట రేజరుతో గీకడం కూడా మానండి, తప్పదనుకుంటే క్లిప్పరు వాడండి.

ఐసీయూ బయట చెప్పులు విప్పించాలా?

దానివల్ల పెద్దగా తేడా లేదు. చెప్పుల గూడు పక్కన రబ్ సీసా పెట్టారా, అది చూడండి.

పేషెంటు తాలూకు వాళ్ళు మంచం మీద కూర్చుని భోజనం చేస్తారు. తరిమేయాలా?

తరిమితే పేషెంటుకి మంచినీళ్ళిచ్చేవాళ్ళు ఉండరు, మన వార్డుల్లో సగం నర్సింగ్ వాళ్ళే చేస్తారు. ఒక పేషెంటుకి ఒక్కరు, మంచం పక్కన స్టూలు, పేషెంటుని ముట్టుకునే ముందు రబ్. క్యారేజీ విప్పే చోటు వరండాలో చూపించండి. మూత్రం సంచి ఖాళీ చేయడం, కఫం తీయడం వాళ్ళ చేత చేయించకండి. సంచిని నేలమీద పెట్టకుండా, మూత్రాశయం కంటే కిందగా తగిలించడం మాత్రం చూపించండి, పేషెంటుని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళేది వాళ్ళే.

డబ్బెక్కడిది?

సర్కారు ఆసుపత్రుల్లో హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ నిధుల నుంచి సబ్బు, బకెట్లు, మాపులు, రబ్ కొనడానికి తీర్మానం పెట్టవచ్చు. 2015లో మొదలైన కాయకల్ప (సర్కారు ఆసుపత్రుల శుభ్రతకి ఇచ్చే అవార్డు) అంచనాలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఒక భాగం, ఆ బహుమతి సొమ్ము కూడా దీనికి పనికొస్తుంది. వరుస ఇలా ఉండాలి: ముందు హ్యాండ్ రబ్, సబ్బు, తర్వాత సిబ్బందికి హెపటైటిస్ బి టీకా, తర్వాత తెల్ల సూది డబ్బాలు, శానిటేషన్ వాళ్ళకి రబ్బరు గ్లవ్స్, గంబూట్లు, ఆ తర్వాతే మిగతావి. ఇండెంట్ (సరుకు కోరే చీటీ) రాసేటప్పుడు "కావలెను" అని కాక, నెలకి ఎన్ని లీటర్లు వాడారో, ఎన్ని రోజులు సీసా ఖాళీగా ఉందో పక్కనే రాయండి.